క్రాసింగ్ దినాల కంటిమందు

ఆ పొద్దు మబ్బు దిగి చేను మీద కూర్చుంది. వాన లేదు, ఎండ లేదు. ఆకాశమంతా తడిబట్ట ఆరేసినట్టు ఒకే రంగు. అలాంటి పొద్దున మగపువ్వు పొడి విప్పదు. పది గంటలైనా చేతికి అంటదు. కూలికి వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని మబ్బును తిట్టుకుంటున్నారు.

మాది గద్వాల నుంచి అయిజ పోయే దారిలో ఒక ఊరు. మేం వేసేది బట్టకు పోయే పత్తి కాదు, విత్తనానికి పోయే పత్తి. ఆడ సాళ్లు వేరు, మగ సాళ్లు వేరు. రేపు విచ్చబోయే మొగ్గను ఈ మాపునే కనిపెట్టి, గోటితో గిల్లి, రేకులూ లోపలి పొడీ తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం పెట్టి వదలాలి. తెల్లారి మగపువ్వు తెచ్చి దాని నెత్తిన అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. గిల్లకుండా ఒక్క మొగ్గ తప్పినా అది తెల్లారి తనంతట తానే విచ్చి, తన పొడి తానే పోసుకుంటుంది, సెల్ఫ్ అయిపోతుంది. ఆ కాయలో గింజ విత్తనానికి పనికిరాదు. ఇది రెండు నెలల పని. కంపెనీ చెప్పిన రోజున క్రాసింగ్ బంద్. ఆ రెండు నెలలు మాకు చేతులకంటే కళ్లు ముఖ్యం.

కంపెనీ తరఫున చేలు చూసిపోయే నాగేష్ అదే పొద్దున వచ్చాడు. బండి దారి మీద ఆపి, నా సాళ్లలో ఒక చుట్టు తిరిగి, టోపీ నిండా తెల్లపూలు తెచ్చి గట్టు మీద పోశాడు. అన్నీ గిల్లకుండా తప్పిపోయినవే. నేను వెంటనే ఆడవాళ్ల మీద లేచాను. నాలుగు రోజుల కిందే పూలు వదిలేస్తోందని ఎంకమ్మను పనిలోనుంచి తోలేశాను కూడా. నాగేష్ చేయి అడ్డం పెట్టాడు.

"కూలోళ్ల సాళ్లల్ల ఒక్కటి గూడ లేదు సోమన్నా. ఇవన్ని నువ్వు గిల్లిన సాళ్లయి. అన్ని కుడిదిక్కు కొమ్మలయే. కుడిదిక్కు మీద నీకేం పగనే?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

గట్టుకు అవతల చేను మా అన్న పెంటయ్యది. అతడు తన గుడిసె ముందు కూర్చుని బీడీ తాగుతున్నాడు. నవ్వలేదు. తల మొత్తం తిప్పి, ముందు నన్ను చూశాడు, తర్వాత గట్టు మీది పూలకుప్పను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. కళ్లు తిప్పి చూడడం కాదు, కోడి చూసినట్టు మెడ తిప్పి చూడడం. ఎగతాళిగా చూసి ఉంటే నేను మరిచిపోయేవాణ్ణి. అది తెలిసినవాడి చూపు. తర్వాత బీడీ నేలకు రాసి లోపలికి పోయాడు.

మా ఇద్దరికీ ఏడేండ్లుగా మాటల్లేవు. నా మగ సాళ్లు తన ఆడ సాళ్లకు మరీ దగ్గరున్నాయని ఆ ఏడు కంపెనీ మనిషి చెవిన వేసింది అన్నే. పూత మీదున్న అరెకరం నా కళ్లముందే పీకించారు. ఆ తర్వాత వారానికి అన్న చేలో మేకలు పడ్డాయి. ఎవరి మేకలో, ఎవరు తోలారో ఊరందరికీ తెలుసు. అప్పటి నుంచి పెండ్లిళ్లకు, చావులకు కూడా ఒకరు పోయి వచ్చాకే మరొకరం పోతాం.

నాగేష్ పోయాక నా భార్య బసవమ్మ నన్ను గట్టు మీద నిలబెట్టింది. ఎడమ కన్ను చేత్తో మూసి, నా ఎదుట వేళ్లు పట్టింది. వేళ్లు కాదు, చేయి కూడా సరిగా కనిపించలేదు. కట్టెపుల్లంత సందులోనుంచి ఆమె ముక్కుపుడక మాత్రం కనిపించింది. ఇది ఎప్పుడు జరిగిందో నాకే తెలియదు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారలేదు. రెండు కళ్లు తెరిచి ఉంటే ఒకదాని లోటు మరొకటి కప్పేసింది.

పొర వచ్చి ఉంటుంది, ముదిరాక కోయించుకుంటాను అన్నాను. మా దగ్గర అందరూ చేసేది అదే. పొర బాగా ముదరాలి, కన్ను తెల్లబడాలి, అప్పుడు కోస్తే మళ్లీ చూపు వస్తుంది. బసవమ్మ వినలేదు. ఆరో రోజు వనపర్తిలో ఉన్న కంటి దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ కంట్లో గాలి ఊదారు, దీపం పెట్టి చూశారు. ఒక డబ్బాలో గడ్డం ఆనించి, వెలుగు కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ కనిపించలేదు. మిషన్ చెడిపోయిందని చెప్పాను. చెడిపోలేదని వాళ్లన్నారు.

డాక్టరు పొర కాదన్నాడు. నీటికాసులు అన్నాడు. కుడి కన్ను దాదాపు పోయిందనీ, ఎడమ కన్ను అంచుల నుంచి పోవడం మొదలుపెట్టిందనీ చెప్పి కాగితం రాసి పక్క గదికి పంపాడు. పక్క గదిలో రోగులకు అర్థమయ్యేలా చెప్పడానికి జయశ్రీ అనే అమ్మాయిని కూర్చోబెట్టారు. అప్పటికే ఆమె ముందు నలభై మంది లైనులో ఉన్నారు. అర్థమయ్యేలా చెప్పి చెప్పి విసిగిపోయిన ముఖం ఆమెది. కంట్లో నీరు ఎప్పుడూ ఊరుతూ ఉంటుందట. అది పోయే దారి మూసుకుంటే లోపల బిగువు పెరుగుతుందట. ఆ బిగువుకు వెనకాల చూపు నరం కొంచెం కొంచెంగా చస్తుందట. చచ్చిన నరం మళ్లీ బతకదట.

"సుక్కలేస్తే చూపొస్తదా బిడ్డా?" అని అడిగాను.

"రాదు."

"మరెందుకు?"

"ఉన్నది పోకుండ."

"ఎన్ని దినాలు?"

"బతికినన్ని దినాలు. పొద్దుగాల ఒక సుక్క, మాపటికి ఒక సుక్క, ఒక్కొక్క కంట్ల. మూత తీసిన సీసా నెలకు పారెయ్యాలె. బాగనే కనిపిస్తుందని ఆపిండ్రనుకో, మళ్ల నా దగ్గరికి ఇంకొకరి చెయ్యి పట్టుకొని వస్తరు. గట్ల వచ్చినోళ్లను దినాం చూస్తున్న."

చూపు తేలేని మందు బతికినన్నాళ్లు వేసుకోవాలంటే నాకు నచ్చలేదు. ఆ మాట నా ముఖంలో కనిపించి ఉంటుంది. ఆమె కలం బల్ల మీద పెట్టి, అన్నదమ్ములున్నారా అని అడిగింది. ఒకడున్నాడు, మాటల్లేవు అన్నాను.

"మాటలు లేకుంటే లేకపోనీ. ఇది ఒక్క రక్తంల వస్తది. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు, పిల్లలు అందరు చూపించుకోవాలె. ఇక్కడికొచ్చిన ఒక్కొక్కరికి ఈ ముచ్చట చెప్తం, కాగితం మీద రాసి గూడ ఇస్తం."

ఆ కాగితంతో పాటు మందు సీసా నా చేతిలో పెట్టింది. బొటనవేలంత తెల్ల సీసా, పసుపు మూత.

ఆ మూత నేను ఎరిగినదే. మూడేండ్లుగా క్రాసింగ్ మొదలైన దినాల్లో అన్న గుడిసె గుంజకు ఒక గుడ్డమూట వేలాడుతూ ఉంటుంది. మాపటేళ అన్న దాన్ని విప్పి, తల వెనక్కి వంచి, కంట్లో ఏదో పోసుకుంటాడు. పొడి పడి కళ్లు మండుతాయి కాబట్టి చలువ మందేమో అనుకునేవాణ్ణి. గట్టుకు ఇవతల నుంచి ఆ పసుపు మూతను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

అంటే మూడేండ్ల కింద అన్న కూడా ఇదే గదిలో కూర్చున్నాడు. ఈ మాటే విన్నాడు. ఈ కాగితమే జేబులో పెట్టుకుని ఊరికి వచ్చాడు.

తిరుగు బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే బసవమ్మ దండం పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు. సీసా పిడికిట్లో ఉంది. మూడేండ్ల కింద నాకు రెండు కళ్లూ ఉన్నాయి.

ఊళ్లో బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా చేనుకు పోయాను. అన్న గుడిసె ముందు కూర్చుని ఎర్ర కాగితాలు కత్తిరిస్తున్నాడు. వదిన జములమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఏడేండ్లలో మొదటిసారి గట్టు దాటాను. నేను వచ్చింది అతడు చూడలేదు. పక్కనుంచి వచ్చాను కదా. ఎదురుగా నిలబడ్డాకే తల ఎత్తాడు.

"నీకెప్పటి సంది తెల్సు?" అన్నాను.

ఏమిటని అడగలేదు. "మూడేండ్లు," అన్నాడు.

"అన్నదమ్ములకు చెప్పుమని కాగితమిచ్చిండ్రా లేదా?"

"ఇచ్చిండ్రు. దాంట్ల నీ పేరు లేకుండె. అన్నదమ్ములని ఉండె. నాకు తమ్ముడున్నడా? ఏడేండ్ల సంది లేడు."

"నా కుడి కన్ను పోయింది."

"నాది గూడ పోయింది. నేనేమన్న నీ వాకిట్ల కూసొని ఏడ్సిన్నా?"

"మొన్న నాగేష్ పూలు కుప్పవోసినప్పుడు చూస్తివి. అప్పుడన్న ఒక్క మాట అనకపోతివి."

"నా చేన్ల మేకలు తోలినప్పుడు నువ్వు చెప్పి తోలినవా?"

వదిన పొయ్యి ఊదడం ఆపి అలాగే వంగి ఉంది. తన కళ్లు పోతున్నాయని తెలిస్తే కంపెనీ వాళ్లు విత్తనపత్తి వేసుకోవడానికి ప్లాటు ఇవ్వరనీ, నాకు తెలిస్తే నేనే పోయి వాళ్లకు చెప్పి ఉండేవాణ్ణనీ అన్న అన్నాడు. అది నిజమో కాదో నేను ఆలోచించుకోలేదు. చెప్పి ఉండేవాణ్ణేమో.

తర్వాత అతడు లేచి గుంజకున్న మూట విప్పి, సీసా తీసి, చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు. నేను అడగకుండానే చెప్పాడు. ఆ చెప్పడంలో గొప్ప ఉంది.

"ఎల్లుండి క్రాసింగ్ బంద్. దీనికి గూడ బంద్. మిగిలింది మల్లేటికి. మూడేండ్లల్ల ఇది రెండో సీసా. నువ్వు పోయి నెలకొకటి తెచ్చుకో. ఆ పోరి నాకు గూడ గట్లనే చెప్పింది. ఎద్దు దున్నేటప్పుడు దాణా పెడుతం. పనిలేని దినాలల్ల దాణా పెడ్తరా ఎవరన్న? కండ్లతోని పనున్నప్పుడే కండ్లకు మందు."

నాకు అప్పుడు అర్థమైంది. ఏడాదిలో రెండు నెలలే అన్న మందు వేస్తున్నాడు. మిగతా పది నెలలు లోపల నరం చస్తూనే ఉంది. క్రాసింగ్ దినాల్లో మొగ్గ కనిపిస్తే చాలనుకుంటున్నాడు. మొగ్గ ఎదురుగా ఉంటుంది కాబట్టి కనిపిస్తుంది. ఎడమ కన్ను ఒక్కటే మిగిలింది, అది కూడా ఇలాగే పోతుంది.

ఈ మాట నా నోటి దాకా వచ్చింది. జయశ్రీ చెప్పినదంతా ఆ రోజు పొద్దున విన్నదే, ఇంకా చెవుల్లో ఉంది. నాలుగు మాటల్లో చెప్పవచ్చు.

చెప్పలేదు. గట్టు దాటి ఇంటికి వచ్చాను.

ఎల్లుండికి క్రాసింగ్ బంద్ అయింది. ఊరంతా మిగిలిన మొగ్గలూ పూలూ దులిపి పారేశారు. మరునాడు అన్న గుడిసె గుంజకు మూట లేదు.

నేను మాత్రం మందు తప్పలేదు. పొద్దున ఎద్దులకు నీళ్లు పెట్టక ముందు ఒక చుక్క, మాపున దీపం పెట్టాక ఒక చుక్క. బసవమ్మ రెప్ప కిందికి లాగి వేసేది. చుక్క పడ్డాక కళ్లు మూసి, ముక్కు పక్కన వేలితో అదిమి కూర్చోవాలి. అలా చీకట్లో కూర్చున్న ప్రతిసారి గట్టు అవతలి కన్ను గుర్తుకు వచ్చేది. ఈ పూట అక్కడ పడలేదు అనుకునేవాణ్ణి. అలా అనుకుంటే మనసుకు ఒక రకమైన నిమ్మళం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం అది.

బసవమ్మ ఒకసారి అడిగింది, మీ అన్నకు ఏడాది పొడుగునా వేయాలని ఎవరన్నా చెప్పారా అని. ఆయన నాకు చెప్పాడా అన్నాను. ఆమె సీసా మూత బిగించి లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నం గిన్నె నా ముందు పెట్టి తాను పక్కింట్లో పోయి కూర్చుంది.

పత్తి ఏరడం మొదలైనప్పుడు ఎంకమ్మను మళ్లీ పనికి పిలిచాను. తప్పు నాదేనని చెప్పడానికి నోరు రాలేదు. పిలవడమే చెప్పడం అనుకున్నాను. ఆమె అలా అనుకోలేదు. పదిమందిలో అంది, "నీ కన్ను పోతే నా కూలి పోవాలెనా సోమన్నా? ఇయ్యాల నుంచి నేనొక సాలు ముంగట నడుస్త, నువ్వు నా ఎనకనే చూసుకుంట రా. ఎవరు వదిలిపెడ్తరో తెలుస్తది." ఆ రోజంతా ఆమె వెనకాలే నడిచాను. ఆమె ఒక్కటి కూడా వదలలేదు.

వనపర్తి నుంచి వచ్చిన ఇరవయ్యో రోజు అన్న పత్తి ఏరుతుంటే చూశాను. మొదట నవ్వొచ్చింది. అతడు సాలు మధ్యలో నడుస్తూ, ముక్కుకు ఎదురుగా ఉన్న కాయలే తీస్తున్నాడు. రెండు పక్కలా తెల్లగా విచ్చిన కాయలు అలాగే నిలబడి ఉన్నాయి. వాటిని రాసుకుంటూ పోతున్నాడు, భుజానికి పత్తి అంటుకుంటోంది, అయినా తెలియడం లేదు. వెనకాల పదడుగుల దూరంలో వదిన వస్తోంది. అతడు వదిలినవన్నీ చప్పుడు లేకుండా తీసి తన ఒడిలో వేసుకుంటోంది. సాలు చివర అన్న వెనక్కి తిరిగే లోపల ఆమె వంగి కలుపు పీకుతున్నట్టు నటించింది. అన్న తన సాలు చూసుకుని, శుభ్రంగా ఉందని తల ఊపాడు.

ఆమె నన్ను చూసింది. అన్న నీళ్లకు బోరు దగ్గరికి పోయాక గట్టుకు వచ్చింది.

"నవ్వు సోమయ్యా. నీ కడుపు సల్లబడ్డదా?"

"నేనేం జేసిన వదినె?"

"నువ్వేం జెయ్యలే. నిన్న బోరు స్టార్టరు డబ్బాకు తల కొట్టుకుండు. మొన్న కుంటకాడ జారిండు. క్రాసింగ్ దాక మంచిగనే ఉంటడు, క్రాసింగ్ అయిపోంగనే గిట్లయితడు. మల్ల వానకాలం మందేస్తే సర్దుకుంటదంటడు."

"సర్దుకోదు," అన్నాను. నోరు దానంతట అదే తెరుచుకుంది. "ఆ మందుకు బంద్ లేదు. దినాం రెండు పూటలు, సచ్చేదాక. ఆయన పది నెలలు ఆపుకుంట పోతున్నడు. పోయింది మల్ల రాదు. వానకాలం దాక ఆ ఎడమ కన్ను ఉండదు."

ఆమె ఒడి బిగించి పట్టుకుని ఇంకో అడుగు ముందుకు వేసింది.

"గీ ముచ్చట నీకెప్పుడు తెల్సు?"

"ఇరవై దినాలు."

"ఆయన నీ ముంగట సీసా మూటగట్టిన దినం తెల్సు."

"తెల్సు."

"ఇరవై దినాలు గట్టు మీద కూసొని చూసినవు."

"మీరు మూడేండ్లు చూసిండ్రు," అన్నాను.

"నేను చదువుకోలే. నాకు ఏ కాగితం చూపియ్యలే. మూడేండ్లు ఆయన లెక్కల రాసుకో. ఇరవై దినాలు నీ లెక్కల రాసుకో. నన్ను అందుట్ల కలపకు." ఒడిలో పత్తి గట్టు మీద దులిపేసింది. "రేపు ఆయన్ను బస్సెక్కియ్యాలె. నా మాట ఇనడు. దవాఖానోళ్ల మాట ఇనడు. నువ్వే రావాలె."

నా మాట వింటాడా అన్నాను. నీ మాట వినడు, నీ మీద కోపంతో వస్తాడు అంది.

అన్న బోరు దగ్గర నుంచి వచ్చాక గట్టు మీద నిలబడి గట్టిగా అన్నాను, నా ఎడమ కన్ను అతని ఎడమ కన్నుకంటే బాగుందని. వనపర్తిలో మిషన్ ఉందనీ, గడ్డం పెట్టి మీట నొక్కితే ఎవరిది ఎంత ఉందో కాగితం మీద అచ్చు వేసి ఇస్తుందనీ, భయమైతే రావద్దనీ అన్నాను. ఎంకమ్మ, ఇంకా నలుగురు కూలివాళ్లు విన్నారు. అన్న చేతిలో చెంబు కింద పెట్టాడు.

"ఎన్నింటికి బస్సు?" అన్నాడు.

బస్సులో అతడు ముందు సీటులో, నేను వెనక సీటులో. మధ్యలో వదిన. ఎర్రవల్లి దగ్గర బస్సు మారేటప్పుడు మెట్టు కనిపించక అన్న తూలాడు. నేను చేయి చాపితే చూసి, మోచేత్తో తోసేశాడు. తోసిన విసురుకు నేనే ఒక మెట్టు జారాను.

దవాఖానలో ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని మిషన్ ముందు కూర్చోబెట్టారు. అన్న మీట నొక్కుతుంటే చప్పుడు లెక్కపెట్టాను. చాలాసేపు చప్పుడు లేదు. ఒకసారి నొక్కాడు. మళ్లీ చాలాసేపు లేదు. లోపల అతడు ఏదో తిడుతున్నాడు. నాలాగే మిషన్ చెడిపోయిందని చెప్పాడు.

కాగితాలు రెండూ జయశ్రీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒక్కొక్క కన్నుకు ఒక్కొక్క గుండ్రం. కనిపించిన చోట తెలుపు, కనిపించని చోట నలుపు. నా ఎడమ కన్ను గుండ్రంలో అంచున నలుపు ఉంది, మూడు వారాల కిందటి కాగితంలో ఉన్నంతే ఉంది. అన్న ఎడమ కన్ను గుండ్రంలో నడుమ రూపాయి బిళ్లంత తెలుపు. మూడేండ్ల కిందటి అతని కాగితం కూడా ఆమె తీసింది. అందులో ఆ తెలుపు అరచేయంత ఉంది.

అన్న కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. వదినకు చూపించలేదు. జేబులోనుంచి సీసా తీసి బల్ల మీద పెట్టి, మందు వేస్తూనే ఉన్నాను కదా అన్నాడు. జయశ్రీ సీసా మీది తేదీ చూసింది. దాని గడువు పోయిన ఏడే అయిపోయింది. ఆమె గొంతు పెంచింది. మందు ఎందుకు ఆపారు, ఎవరు ఆపమన్నారు, కాగితం ఇచ్చామా లేదా, చదివే మనిషి ఇంట్లో లేరా. లైనులో ఉన్నవాళ్లంతా మెడలు చాపి చూస్తున్నారు. అన్న దాణా ముచ్చట చెప్పబోయాడు. ఆమెకు అది అర్థం కాలేదు. పనిలేని రోజుల్లో మందెందుకని అతడు, కంటికి పనిలేని రోజు ఉంటుందా అని ఆమె. ఇద్దరూ రెండు భాషలు మాట్లాడుతున్నట్టుంది. అన్న లేవబోయాడు. లేస్తే ఇక ఈ దవాఖానకు మళ్లీ రాడని నాకు తెలుసు.

"ఒక్క మాపు మొగ్గ గిల్లకుండ వదిలిపెడితే తెల్లారి ఏమైతది?" అని అడిగాను.

అతడు నా వైపు తిరగలేదు. "సెల్ఫ్ అయితది."

"దాన్ని మల్ల పట్టుకొచ్చి క్రాసింగ్ చేస్తవా?"

"నాకు నువ్వు క్రాసింగ్ నేర్పుతున్నవా? నీ ముడ్డి మీద లాగు లేనప్పటి సంది నేను చేస్తున్న."

"మరి తెల్సు గద. తప్పింది తప్పినట్టే. నీ కంట్ల దినాం గట్లనే తప్పుతుంది. పది నెలలు నువ్వు చేనుకు పోకుండ ఇంట్ల పండుకున్నట్టే. దీనికి కంపెనీ బంద్ చెప్పదు. నువ్వు సచ్చిన దినమే బంద్."

అన్న బల్ల మీది గుండ్రం మీదికి వంగాడు. బొటనవేలు దాని నడుమ ఆనించాడు. తెలుపు మొత్తం వేలి కిందికి పోయింది.

"గిది గూడ పోతదా?" అని అడిగాడు. నన్ను కాదు, ఆ అమ్మాయిని.

ఇవాళ్టి నుంచి తప్పకుండా వేస్తే నిలబడవచ్చని ఆమె చెప్పింది. పోయింది మాత్రం రాదని కూడా చెప్పింది. ఈసారి గొంతు పెంచలేదు. కొత్త సీసా మూత తీసి, తానే లేచి వచ్చి అతని కంట్లో ఒక చుక్క వేసింది. బిడ్డలు ఉన్నారా అని అడిగింది. శివ అని ఒక కొడుకున్నాడు, హైదరాబాదులో ఉన్నాడు అంది వదిన. అతనికి చెప్పారా అని అడిగింది. వదిన అక్కడే ఫోన్ తీసి నా చేతికిచ్చింది. శివ నంబరు కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాను. ఆమె కొడుకుతో మాట్లాడినంతసేపూ అన్న కళ్లు మూసుకుని, ముక్కు పక్కన వేలు అదిమి కూర్చున్నాడు.

బయటికి వచ్చేటప్పుడు తలుపు దగ్గర నన్ను ఆపాడు.

"ఇరవై దినాలు," అన్నాడు. వదిన చెప్పి ఉంటుంది. "ఆ ఇరవై దినాలల్ల ఎంత పోయిందో గా మిషన్ల తేలుతదా?"

తేలదన్నాను.

"నీ మూడేండ్లల్ల ఎంత పోయిందో గూడ తేలదు," అన్నాడు.

అందులో క్షమించడం లేదు. నేను కూడా అడగలేదు. అతడు అడిగి ఉంటే నేను ఇచ్చేవాణ్ణి కాదు.

బస్సుకు గంట టైముంది. దవాఖాన గోడ పక్కన రేకుల నీడలో రోగుల కోసం బండలు వేశారు. వదిన మూట విప్పింది. పొద్దున మూడు గంటలకే లేచి చేసిన జొన్నరొట్టెలు, పుంటికూర, రెండు ఉల్లిగడ్డలు. నా కోసం కూడా చేసిందని రొట్టెలు చూశాక తెలిసింది. పాత కాగితం పరిచి నడుమ కూర పెట్టింది. అన్న ఒక అంచున, నేను ఇంకో అంచున కూర్చున్నాం. ఆమె ఉల్లిగడ్డ అరచేత్తో పగలగొట్టి మా ఇద్దరి మధ్య వేసింది. అన్న చేయి కాగితం మీద తడుముతూ పోయి కూరను దాటి బండను తాకింది. వదిన కూర జరపలేదు, నేనూ జరపలేదు. అతడు మెడ తిప్పి చూసుకుని, రొట్టె తుంచి అద్దుకున్నాడు. తర్వాత నేను తుంచాను. ముగ్గురం తిన్నాం.